పదో నిమిషంలో చచ్చిపోయే భార్య

అనకాపల్లి,
జూన్ 3

ప్రియమైన ధనరాజ్,

నీ సినిమా కథ అందింది. మొత్తం చదివాను. రోత పుట్టింది.

తుపానులో లోకం మునిగిపోతుంది. పదో నిమిషంలో హీరో భార్య చచ్చిపోతుంది. ఇక అతడు గడ్డం పెంచి, తుపాకీ పట్టుకుని, గోడౌన్ ముందు నిలబడి, తిండికి వచ్చినవాళ్ళను కాలుస్తాడు. మిగిలినవాళ్ళు చివరికి అతణ్ణే నాయకుణ్ణి చేస్తారు. ఎవరినీ నమ్మనివాడితో ఊరు ఎలా లేస్తుంది? వాళ్ళకు వంట ఎవరు చేశారు? నీ కథలో ఆడవాళ్ళు శవాలు, లేకపోతే ఏడుపులు.

మీ అక్క పోయి ఏడు నెలలు. ఇది నాకెందుకు పంపావు? షూటింగుకు నా బెల్లం షెడ్డు ఇవ్వను.

మీ బావ,
త్రినాధరావు

హైదరాబాద్,
జూన్ 11

బావా, నమస్కారం.

కోప్పడకండి. ఆ హీరో మీరే. హుద్‌హుద్ తుపాను నాడు మీరు చెరకు కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఇంటినీ అక్కనీ కాపాడారని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! "మగోడంటే నా అల్లుడేరా. నీలాగ సినిమాలు సూసుకుంటూ కూకోడం కాదు" అనేది. ఆ మాటలు పడీ పడీ ఈ కథ రాశాను. తెర మీద ముందుగా 'మా బావకి' అని వేస్తాను. అక్క ఉంటే మురిసిపోయేది. షెడ్డు ఇస్తానని ఒక్క ముక్క రాయండి.

మీ ధనరాజ్

అనకాపల్లి,
జూన్ 19

ప్రియమైన ధనరాజ్,

నా పేరు వేయకు. మీ అమ్మకు నేను అబద్ధం చెప్పాను.

ఆ రోజు ఇళ్ళ కప్పులు ఎగిరిపోయినవాళ్ళు పదిహేను మంది మా గుమ్మానికి వచ్చారు. "ఆళ్లు మన పోతురాజోళ్లండీ, దొంగలేటి? తలుపు తియ్యండి" అంది మీ అక్క. పోతురాజు మా దగ్గర పన్నెండేళ్ళుగా బెల్లం వండుతున్నాడు. అయినా నమ్మలేదు. ఆమెను గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టాను. కత్తి పట్టుకుని నిలబడ్డాను. మగాణ్ణనుకున్నాను. లోపలి నుంచి ఆమె తలుపు కొడుతూనే ఉంది.

కాసేపటికి వసారా రేకులు నా మీద కూలాయి. నన్ను బయటికి తీసింది వాళ్ళే. "కత్తొగ్గేయండి బాబూ, ఇంకెవుడ్ని నరుకుతారు?" అన్నాడు పోతురాజు. గొళ్ళెం తీసిందీ అతడే. మీ అక్క నా వైపు చూడలేదు. పొయ్యి ముట్టించి అందరికీ గంజి కాచింది. మూడు వారాలు వాళ్ళంతా మా షెడ్డులోనే తిన్నారు. ఒకరి పాక ఒకరు నిలబెట్టుకున్నారు.

వడ్రంగి రాగానే ఆమె చేయించిన మొదటి పని ఆ గొళ్ళెం ఊడదీయించడం. నన్ను ఒక్క మాట అనలేదు. పోయేదాకా అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు.

షెడ్డు తీసుకో. కానీ ఆమెను చంపకు. గదిలో పెట్టు. సినిమా అయ్యేదాకా తలుపు కొడుతూనే ఉండనీ.

త్రినాధరావు