ముప్పై ఏడు డిగ్రీల కార్డు

మామయ్యకు, అత్తయ్యకు మేనల్లుడి నమస్కారాలు.

మొన్న మీ ముందుగదిలో పెట్టి వచ్చిన కంప్యూటర్‌లో ఉన్నది, తెర మీద ఆటల బొమ్మలు నడిపే చవక రకం గ్రాఫిక్స్ కార్డు. దాన్ని ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించాను. నా గది కొలిమిలా ఉంటుంది కాబట్టి పరీక్ష మీ ఇంట్లో పెట్టుకున్నాను. ఇది బాగా వస్తే కంప్యూటర్ పత్రికలో నాకు ఉద్యోగం ఖాయం. అత్తయ్య రోజూ గంటసేపు కార్ల పందెం ఆడాలి. ఆట అవగానే వేడి ఎంతుందో మామయ్య చూసి రాయాలి. ఫోన్లో మీకు అంకెలు సరిగా వినపడవు, ఉత్తరమే మేలు.

ఇట్లు, మీ మేనల్లుడు

తా.క.: ఎనభై దాకా వెళ్ళినా కంగారుపడకండి.

~

ఒరేయ్ అల్లుడూ, ఆశీస్సులు.

ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసినవాడికి వేడి చూడటం నేర్పుతావా? ఆటకు ముందు 36.8, గంట తర్వాత 37. ఎనభై మాట మరిచిపో. నలభై దాటనివ్వను, పూచీ నాది.

ఇట్లు, మామయ్య

తా.క.: మధ్యమధ్య చిన్న మూలుగు వినిపించింది.

~

మామయ్యా, నమస్కారాలు.

37 చూసి ఉత్తరం మూడుసార్లు చదివాను. చవక కార్డు ఇంత చల్లగా నడవడం ఎక్కడా లేదు. ఉండబట్టలేక ఎడిటర్‌గారికి చెప్పేశాను. ఆయన వచ్చే సంచికలో వేస్తామన్నారు. ఇక తెర మీద వేగం గీతను చివరిదాకా జరపమని అత్తయ్యతో చెప్పండి. వేడి పెరిగితే పైన కప్పి ఉన్నది తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే చల్లబరిచే పేస్టు బఠాణీ గింజంత తీసి పలచగా పూయండి.

ఇట్లు, గాల్లో తేలుతున్న మీ మేనల్లుడు

తా.క.: మూలుగు ఫ్యాన్‌ది. పట్టించుకోకండి.

~

అల్లుడికి ఆశీస్సులు.

నిన్న ఉన్నట్టుండి 39 అయింది. నువ్వు చెప్పినట్టే పైది తీయించి ఫ్యాన్ పెట్టాను. నీ పేస్టు కనపడక తలనొప్పి బామ్ పూశాను. 37.5కి దిగింది. రెండు రోజులు ఆట మానిపిస్తున్నాను.

ఇట్లు, మామయ్య

తా.క.: మూలుగు పట్టించుకోలేదు. తుమ్ములు కూడా మొదలయ్యాయి.

~

నాయనా,

ఇది అత్తయ్య రాస్తున్న ఉత్తరం. మీ మామయ్య చూసింది నా వేడి.

వేడి చూడమంటే ఎదురుగా ఉన్న మనిషి నోట్లో థర్మామీటర్ పెట్టడం ఆయనకు అలవాటు. నువ్వే చెప్పావు కదా అని పందెం అయినప్పుడల్లా నోరు తెరిచాను. జలుబు చేసి జ్వరం వచ్చిన రోజు శాలువా లాగేసి, ఫ్యాన్ పెట్టి, నుదుటి నిండా బామ్ రాశాడు. జ్వరం తగ్గింది గానీ ఆయన మీద కోపం ఇంకా తగ్గలేదు.

కార్డు వేడి తెర మూలలో కనిపిస్తూనే ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. అయినా రోజూ రాసి పెట్టుకున్నాను. నువ్వు పెట్టిన వేగంలో 81. గీత చివరికి జరిపితే 88, పదకొండో నిమిషంలో తెర నల్లబడింది. కాస్త వెనక్కి జరిపితే 74, పందెంలో తేడా ఏమీ తెలియలేదు.

ఆ 37 అచ్చయితే నీ పరువు పోతుందని భయమేసి, నువ్వు కంప్యూటర్ పక్కన వదిలేసిన పత్రికలో చిరునామా చూసి, నా పట్టిక ఎడిటర్‌గారికి పంపాను. ఆయన జవాబు ఇవాళే వచ్చింది. ఉద్యోగం నాకిస్తారట. నిన్ను కూడా తీసుకుంటేనే వస్తానని వెంటనే ఫోన్ చేసి చెప్పాను, సరేనన్నారు.

సోమవారం త్వరగా రా. నా కింద పనిచేసేవాళ్ళు ఆలస్యంగా వస్తే ఊరుకోను.

ఇట్లు, అత్తయ్య

తా.క.: మామయ్య నిన్నటి నుంచి కంప్యూటర్‌కు థర్మామీటర్ ఎక్కడ పెట్టాలా అని వెతుకుతున్నాడు. చెప్పకు.