పెథిక్ గారి సన్మాన విందు

నటుల సంఘం అధ్యక్షులు గ్రెన్‌ఫెల్ గారికి,

మీరు పంపిన జ్ఞాపిక అందింది. తిప్పి పంపుతున్నాను.

మొన్న సన్మాన విందుకు మా ఆయన ఆర్నల్డ్ పెథిక్ రాలేదని అందరి ముందూ చెప్పారట. ఆయన వచ్చారండీ. మోకాళ్ల నొప్పితో రానిది నేను. ఆహ్వానంలో మీరు రాసినట్టే నల్ల కోటు, బో టై వేసుకుని వచ్చారు. మీ హోటల్లో వడ్డించేవాళ్లదీ అదే వేషం. గుమ్మంలోనే ఒకావిడ "నిన్నెక్కడో చూశానయ్యా" అంటూ ఖాళీ గ్లాసు చేతిలో పెట్టింది. చూడకేం? నలభై ఏళ్లుగా సినిమాల్లో బట్లరై తలుపులు తీసింది ఆయనే. తలుపు తీసి ఒక్క చూపు చూస్తే హీరో కనబడేవాడు కాదు. ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని గ్లాసు అందుకున్నారు. ఆ తర్వాత పళ్లెం వచ్చింది, తర్వాత వైన్ సీసా.

"ఆ ముఖాన్ని మరిచిపోగలమా" అని మీరు ఉపన్యసిస్తుంటే మీ గ్లాసు నింపింది ఆయనే. మీరు తల తిప్పకుండానే "చాలు" అన్నారట.

ఇంటికొచ్చి ఆయన ఇదంతా చెబుతుంటే వినలేక, "నోరు విప్పి చెప్పలేకపోయారా?" అన్నాను.

"మంచి వేషం మధ్యలో ఎలా వదిలేస్తానే?" అన్నారు.

మీ మీద ఎంత రోత పుట్టిందో, ఆయన మీదా అంతే పుట్టింది.

హోటల్ మేనేజరు మాత్రం ఆయన పనికి ముచ్చటపడి, శనివారం కూడా రమ్మని బతిమాలాడట. ఇన్నేళ్లలో ఆయన్ని రమ్మని బతిమాలినవాడు అతనొక్కడే.

ఇవాళ శనివారం. పక్క గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు.

ఇట్లు,
ఆర్నల్డ్ పెథిక్ భార్య