మేకల కొట్టానికి రేకులు

మాచర్ల

ఒరేయ్ అమర్,

ఫోన్లో చెబితే నవ్వేసి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. డ్రాయింగు మాస్టరు బుద్ధి చూపించి అక్షరాలు వంకరపోయాయని దిద్దకు, చెయ్యి వణుకుతోంది. ఫ్లెక్సీలొచ్చి నా బోర్డుల పని ఎలాగూ పోయింది, ఇప్పుడు చెయ్యి కూడా పోతోంది.

"అన్నీ సగం సగం చేసి చస్తావు, ఒక్కటి పట్టుకో" అని నువ్వు తిట్టిన తిట్టు పనిచేసింది. ఎత్తిపోతల జలపాతం, ఎడ్ల పందెం, సగంలో వదిలేసిన బొమ్మల రేకులన్నీ వెనకింటి హబీబుల్లా చాచా మేకల కొట్టం పైకప్పుకి ఇచ్చేశాను. తిరగేసి కూడా చూడలేదు. చూస్తే ఇవ్వలేను. మా ఖాతూన్ బొమ్మ ఒక్కటే ఉంచుకున్నాను. పైట, చేతులు, గాజులు అన్నీ అయ్యాయి, ముఖమే లేదు. బతికున్నప్పుడు ఎదురుగా కూర్చోమంటే "బొమ్మలెందుకు నీకు, కొట్ల పేర్లు రాసుకోపో" అని లేచిపోయేది. వణుకు ముదిరేలోగా ఆ ముఖం వెయ్యాలి. ఇంకేమీ వద్దురా నాకు.

నీ సుభానీ


మాచర్ల

అమర్, నా అమర్,

ముఖం రాలేదురా. ఎన్నిసార్లు వేసినా క్యాలెండర్లో ఆడమనిషెవరో వస్తోంది. తుడిచేస్తున్నాను. నా పెళ్లాం ముఖం నాకే గుర్తులేదు. ఈ మాట ఎవరికి చెప్పుకోను?

మొన్న వానకి కొట్టం కారుతోందని చాచా పిలిచాడు. లోపలికి వంగి పైకి చూశాను. ఖాతూన్! ఆమె పొయ్యి ఊదుతుంటే ఎప్పుడో ఎడ్ల పందెం రేకు వెనకాల చాటుగా వేసి మరిచిపోయిన బొమ్మ. పొగకి చికిలించిన కళ్లు, నామీద కోపం, అంతా అక్కడే ఉంది. మేకల మధ్య కూలబడి ఏడ్చాను.

"ఏందిరా సుభానీ, కావాలంటే పీకిస్తా. కానీ మేకులు మొహంలోనే దిగినయ్, రంగు పెచ్చులూడుద్ది" అన్నాడు చాచా.

వద్దన్నాను. చూసి వేద్దామని కుంచె పట్టుకుని అక్కడే కూర్చున్నాను. చెయ్యి మాట వినలేదు. కారే చోట వెయ్యమని ఆ ముఖం లేని రేకు కూడా ఇచ్చేశాను.

నువ్వు కోరినట్టే ఇప్పుడు నా ధ్యాసంతా ఒక్కదాని మీదే ఉంది. రోజూ పొద్దున్నే వెళ్లి చూసొస్తున్నాను. తుప్పు ఆమె గడ్డం దాకా వచ్చింది.

సుభానీ