ఆ రోజు వాన ఎంత?

తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. మీరెలా ఉన్నారని అడగడానికి నోరు రావడం లేదు, అయినా అడుగుతున్నాను. మరదలు రెండు ముద్దలైనా తింటోందా?

నీ ఉత్తరం అంది ఎనిమిది రోజులైంది. జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చుని లేచాను. ముందు తేలికవి చెప్పేస్తాను. మీ బావ మోకాలు ఇంకా మొరాయిస్తూనే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వాన తగ్గాక అంటాడు. ఈ కొండ మీద వాన తగ్గేదాకా ఆగితే ముసలివాడివైపోతావు అన్నాను. ఇప్పుడేమైనా కుర్రాణ్ణా అన్నాడు.

ఒకే కొండకి ఈ పక్క పచ్చగా, ఆ పక్క ఎండిపోయి ఎందుకుంటుందని నీ క్లాసు పిల్లలు అడిగారన్నావు. మీ పాఠంలో ఉన్నది నిజమే. సముద్రం మీంచి వచ్చే గాలి అంత నీళ్ళబరువుతో కొండెక్కలేక ఇక్కడే దించేసుకుంటుంది. అటు దిగేసరికి దాని చేతులు ఖాళీ. పాఠంలో లేనిది కూడా చెప్పు. మావి ఏటవాలు కప్పులు. కనుమ దాటి ఒక పూట నడిస్తే అన్నీ చదును మిద్దెలే, ప్రతి మిద్దె మీదా నీళ్ళు పట్టే తొట్లే. వాళ్ళ భాష వేరు, గొంతులు పెద్దవి. వారానికోసారి సంతలో కలిస్తే ఇద్దరం వాన గురించే మాట్లాడుకుంటాం. మేం తిడుతుంటే వాళ్ళు ఆశగా వింటారు.

ఇక నువ్వు అసలు అడిగిన సంగతి. "అక్కా, నీ వాన పుస్తకం తీసి ఆ రోజు ఎంత పడిందో సరిచూసి రాయి. పైన పెద్ద వానేం లేదట, మా మామగారే ఒళ్ళు తెలియకుండా పడవ విప్పారని విచారణ వాళ్ళు అంటున్నారు. నీ అంకెనే చూపిస్తున్నారు" అని రాశావు.

తమ్ముడూ, ఆ అంకె తప్పు.

ఆ రోజు సంత. మధ్యాహ్నానికి వాన ముంచెత్తింది. ఆ పక్క ఆడవాళ్ళు ఆరుగురు బుట్టలతో మా వసారాలోకి వచ్చారు. వాళ్ళలో ఒక ముసలావిడ చూరు కింద చేతులు చాపి, "ఇదంతా ఒక్క రోజుదేనా తల్లీ?" అంది. "ఇదేం చూశారు, ఇంకా ఉంది" అన్నాను, ఆ వానేదో నా పెరట్లో పండినట్టు. టీ పెట్టాను. వాళ్ళ ముందు గొప్పలు పోతూ కూర్చున్నాను. పెద్ద వానలో మూడు గంటలకోసారి వెళ్ళి వానకొలత సీసా కొలిచి, వంపి, మళ్ళీ పెట్టాలి. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. మరిచిపోయానంటే అబద్ధం. గుర్తుండే లేవలేదు.

వాళ్ళు వెళ్ళాక సాయంత్రం పోయి చూస్తే లోపలి సీసా, దాని చుట్టూ ఉన్న డబ్బా రెండూ నిండి గడ్డి మీదికి పొర్లుతున్నాయి. ఎంతసేపటి నుంచో దేవుడికే తెలియాలి. అలాంటప్పుడు వరద కబురు చెప్పే కింది ఆఫీసుకి ఫోన్ చేసి, పొర్లిపోయింది, ఎంతో తెలియదు అని చెప్పాలి. అలా చెబితే ఎందుకు పొర్లనిచ్చావని అడుగుతారు. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఒక మాట అనలేదు. ఆ పేరు పోతుందని, అందులో మిగిలిన నీళ్ళు కొలిచి, పడింది అంతేనన్నట్టు చెప్పాను. వాళ్ళు అది నమ్మి, నది రేవు మెట్ల దాకే వస్తుందన్నారు.

మీ మామగారు మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళి నీటి కబురు అడిగి మరీ, లంకలో ఉండిపోయిన వాళ్ళని తేవడానికి పడవ విప్పారని నువ్వే రాశావు. నది మధ్యలో ఉండగా వరద వచ్చి పడింది. ఆయన ఒళ్ళు తెలియకుండా వెళ్ళలేదురా. తెలుసుకునే వెళ్ళారు. తెలిసిందే తప్పు, ఆ తప్పు నాది.

పైన మా అల్లుడి అక్కగారుంది, నాకేం భయం అని రేవులో అందరితో అనేవారట. ఆయన పోయాక నేను వచ్చినప్పుడు మరదలే ఆ మాట చెప్పి, నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. నోరు విప్పలేదు. అంకె తప్పు చెప్పినదానికంటే ఆ రోజు నోరు మూసుకున్నందుకే నా మీద నాకు ఎక్కువ అసహ్యంగా ఉంది.

నిన్న విచారణ వాళ్ళకి ఇదంతా రాసి, సంతకం పెట్టి పంపాను. అంతకుముందే మీ బావకి చెప్పాను. తర్వాత కవరు తీసుకుని చిరునామా తనే రాశాడు. పుస్తకంలో ఆ రోజు అంకె కొట్టేసి పక్కన 'నిండి పొర్లింది, ఎంతో తెలియదు' అని రాశాను. నువ్వు అడిగినదానికి నా దగ్గరున్న జవాబు అంతే. ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం.

ఈ ఉత్తరం చదివి దాచెయ్యకు. మరదలికి మొత్తం వినిపించు. అక్క మీద ప్రేమకొద్దీ ఒక్క ముక్క కూడా మింగకు. వాళ్ళ నాన్న తప్పేమీ లేదని తను ఈ రోజే వినాలి. ఎదుట నిలబడి చెప్పమంటే ఈ కొండ దిగి వస్తాను. రావద్దంటే మీ గుమ్మం తొక్కను. జవాబు మాత్రం నువ్వు రాయకు, తననే రాయనివ్వు.

ఇట్లు,
నీ అక్క.
తనకి ఇంకా వదిననేనా అన్నది తనే చెప్పాలి.