గొంతు పద్దు

ప్రియమైన మనిషికి,

నేను చెబుతుంటే కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ రాస్తోంది. ఫోన్‌లో తిడితే నవ్వి పెట్టేస్తావు. కాగితమైతే పక్కన పెట్టినా కళ్ల ముందే ఉంటుంది.

మన బొమ్మల పుస్తకాల అద్దె దుకాణం అమ్మేశాం. ఆ డబ్బుతో, అవే కథలు ఫోన్‌లో చదువుకునే యాప్ చేస్తానని అమ్మాయి అంటే సరేనన్నాను. ఖర్చుల లెక్క వేసిపెట్టి నాలుగు రోజుల్లో వస్తానని అమ్మాయి దగ్గరికి వెళ్లావు. అక్కడే కాపురం పెట్టావు.

నువ్వూ అమ్మాయీ కలిసి వేసి పంపిన బడ్జెట్ దర్జీ ఆవిడ చదివి వినిపించింది. పాత పేజీల స్కానింగ్, బొమ్మలు వేసినవాళ్ల హక్కులు, ప్రోగ్రాం రాసేవాళ్ల జీతాలు, సర్వర్ అద్దె, అన్నిటికీ ఊఁ కొట్టాను. స్కానింగ్ వాడితో బేరమాడలేదని తెలుస్తూనే ఉంది. దాని సంగతి తర్వాత.

చివరి రెండు పద్దులేంటి? 'కథ చదివి వినిపించే గొంతు: నాన్నే, ఖర్చు లేదు.' 'విని చెప్పే మనిషి: ఆవిడకు రోజు కూలీ.' ఎవరావిడ?

నాకు చదువు రాదని, పెళ్లయినప్పటి నుంచీ దుకాణం మూశాక రోజూ ఒక కథ చదివేవాడివి. బానపొట్ట మంత్రి వచ్చాడంటే చాలు, మా అన్నయ్య గొంతు పెట్టేవాడివి. ముక్కుతో ఓ సవరింపు, ఆ పైన 'అహఁ, అది కాదు బావా' అని సాగదీయడం. నేను కడుపు పట్టుకుని గోడకు జారగిలబడేదాన్ని. పాపం, ఇప్పటికీ మా అన్నయ్యకు ఆ సంగతి తెలియదు. అది మనిద్దరిదీ. దాన్ని ఇప్పుడు ఎవత్తెకో కూలీ ఇచ్చి మరీ వినిపిస్తున్నావా?

డబ్బు తీయడానికి బ్యాంకు కాగితం మీద నా వేలిముద్ర కావాలన్నావు. ఆవిడ పద్దు కొట్టేసేదాకా నా వేలు నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
దుకాణంలో సగం వాటాదారు

*

ప్రియమైన దొరసానికి,

నీ ఉత్తరం అమ్మాయి చూడకముందే జేబులో పెట్టేశాను. నువ్వడిగిన ఆవిడ ఈ ఆఫీసు ఊడ్చే మనిషి. నీలాగే అక్షరం ముక్క రాదు. చదువు రానివాళ్లు కూడా యాప్ తెరిచి కథ వినగలరా లేదా అని ఆవిడతో పరీక్షించి చూస్తున్నాం. పని మానుకుని కూర్చుంటుంది కాబట్టి కూలీ.

అసలు గొంతు పద్దే తీసేద్దామంది అమ్మాయి. బయట గొంతు ఇచ్చేవాళ్లు అడిగే రేటు వింటే నీకు కళ్లు తిరుగుతాయి. చదువు రానివాళ్లకు బొమ్మలు మాత్రం చూపించి పంపేస్తామా అని నేనే దెబ్బలాడి, నేనే చదువుతానన్నాను. ఎవరి కోసం దెబ్బలాడానో నీకు వేరే చెప్పాలా?

ఆవిడ చాలా మంచిది. నవ్విందంటే ఆఫీసంతా తలలు తిప్పి చూస్తుంది. నీ వేలిముద్ర రాకపోతే ఆవిడకు కూలీ ఇవ్వలేం, దాంతో ముందు పోయేది గొంతు పద్దే. కాస్త ఆలోచించు.

ఇట్లు,
నీ పాత గుమాస్తా

*

ప్రియమైన గుమాస్తాకి,

నవ్విందా? ఎక్కడ నవ్వింది? మంత్రి దగ్గరేనా?

మిగతా ఊసులన్నీ ఆపి దీనికి జవాబివ్వు. దర్జీ ఆవిడ 'పెద్దవాళ్లు, పోనివ్వండి' అంటోంది. ఆవిడకేం, వాళ్లాయన నోరు విప్పితే ఆవలింతే.

ఇట్లు,
వేలు ఇవ్వనిది

*

ప్రియమైన దొరసానికి,

నేను చెబితే నమ్మవు. ఆవిడ ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు చేసిన రికార్డు దర్జీ ఆవిడ ఫోన్‌కి పంపాను. మొత్తం విను. ఆ తర్వాత వేలు నీది, డబ్బు నీది.

ఇట్లు,
గొంతు అరిగిపోయినవాడు

*

ప్రియమైన మా ఆయనకి,

విన్నాను. కుట్టుమిషను ఆపించి, తలుపు వేయించి మరీ విన్నాను.

ఏనుగు సింహాసనం మీద కూర్చున్నచోట ఆవిడ నవ్వింది. బాగానే నవ్వుతుంది, కాదనను. ఇక మంత్రి వస్తాడని పళ్లు బిగపట్టి కూర్చున్నాను. వచ్చాడు. మంత్రిలాగే మాట్లాడాడు! ముక్కు సవరింపు లేదు, 'అహఁ' లేదు, 'బావా' లేదు. నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ వెనక్కి జరిపించాను. ఎంత విన్నా అదే చప్పటి మంత్రి. ఆవిడ కిక్కురుమనలేదు. ఎలా నవ్వుతుంది? అందులో ఏముందని?

నేను మాత్రం నవ్వాను. 'ఇందులో నవ్వడానికేముందండీ?' అని దర్జీ ఆవిడ నోరు తెరిచింది. నీకెందుకమ్మా, రాయి అన్నాను. ఇది కూడా రాసేసింది చూడు.

వేలిముద్ర వేసిన కాగితం దీంతోపాటే పంపుతున్నాను. గొంతు పద్దు ఉండనివ్వు. ఆవిడ కూలీ కూడా ఉండనివ్వు, పాపం పని మానుకుని కూర్చుంటోంది. కానీ ఇకమీదట ఆవిడ ఫోన్‌లో వినాలి, నీ ఎదురుగా కూర్చుని కాదు. యాప్ ఉన్నది అందుకే కదా! స్కానింగ్ వాణ్ని రేటు తగ్గించమను, లేకపోతే నేనే ఫోన్ చేస్తానని చెప్పు.

నిన్న మా అన్నయ్య వచ్చాడు. కుర్చీలో కూర్చుని ముక్కుతో ఒకసారి సవరించి, 'అహఁ, అది కాదు చెల్లీ' అన్నాడు. నవ్వు ఆగక వంటింట్లోకి పరుగెత్తాను. అలవాటు కొద్దీ పక్కకు తిరిగి చూశాను. నువ్వు లేవు.

లెక్కలు చాలు. బయలుదేరు.

ఇట్లు,
నీ దొరసాని