చూసే ఆవిడ

సోమవారం

అక్కకి,

నీ వాగుడుకాయ బతికే ఉంది, కంగారుపడకు. రెండు నెలలుగా ఉత్తరం లేదని నువ్వు తిట్టిన తిట్లన్నీ భద్రంగా అందాయి. ఏం చెయ్యను, ఈ ఉద్యోగం అలాంటిది. పిల్లల ఆటల కేంద్రంలో చేరి రెండేళ్లయినా నీకు సరిగ్గా చెప్పనేలేదు, నా పనేమిటంటే, కూర్చుని చూడటం. నవ్వకు. గదిలో పిల్లలు ఆడుకుంటారు. గోడకున్న అద్దంలో వాళ్లకి తమ మొహాలే కనిపిస్తాయి. దాని వెనక చీకట్లో పేపరూ పెన్సిలూ పట్టుకుని నేనుంటాను. ఎవరు ఎన్ని చెక్కముక్కలు పేర్చారు, కూలిపోతే ఏడ్చారా, మళ్లీ పేర్చారా, బొమ్మ పక్కవాడికిచ్చారా, లాక్కున్నారా, అన్నిటికీ గళ్లుంటాయి. టిక్కు పెట్టాలి. "ఆటలోనే పిల్లకి మాటా వస్తుంది, లెక్కా వస్తుంది, ఓర్పూ వస్తుంది. మనం వేలు పెట్టామా, అన్నీ పోతాయి," అంటుంది మా పెద్దమేడమ్. ఆవిడ మాటంటే నాకు గురి.

మన బుడంకాయకి ఐదు నిండాయి. పేచీ లేదు, అల్లరి లేదు. "మీ ఇంట్లో అసలు పిల్ల ఉందా అండీ?" అంటుంది పక్కింటావిడ. నేను పొంగిపోతుంటాను. ఒక్కటే చిత్రం. బొమ్మ గిన్నెలతో వంట చేసినప్పుడల్లా బాల్కనీ అద్దాల తలుపు దగ్గర ఒక కప్పు పెడుతోంది. నిన్న వంటింట్లోంచి వస్తూ అడిగాను.

"ఎవరికే ఆ కప్పు?"

"చూసే ఆవిడకి."

"ఎవరే ఆవిడ?"

"తలుపవతల కూర్చుంటుంది. అచ్చం నీలాగే ఉంటుంది. కానీ నువ్వు కాదు."

"నేను కానని నీకెలా తెలుసే?"

"పిలిస్తే పలకదుగా."

వెళ్లి తొంగిచూశాను అక్కా. బాల్కనీలో ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు. నీ మరిదికి చెబితే "పిల్లలన్నాక ఏవేవో ఊహించుకుంటారు" అని నవ్వేసి డ్యూటీకి వెళ్లిపోయారు. వారానికి ఐదు రోజులు రైలు నడిపే మనిషికి ఇంటి సంగతి ఏం తెలుస్తుంది? నువ్వేమంటావు?

నీ వాగుడుకాయ


గురువారం

అక్కా,

నీ జవాబు వచ్చి ఇన్నాళ్లయినా తిరిగి రాయడానికి మొహం చెల్లలేదు. "ఆ కుర్చీ అక్కడ ఎవరు వేశారే?" అని ఒక్కమాట రాశావు. చిన్నప్పట్నుంచీ అంతే, నేను ఏదైనా దాస్తే నీకు ఇట్టే తెలిసిపోతుంది.

తిట్టు, కానీ మొత్తం చదివాక తిట్టు. పిల్ల చెప్పిన ఆవిడ ఎవరో నాకు ఆరోజే తెలుసు. మా కేంద్రంలో ఒక పద్ధతుంది. కొత్తగా చేరినవాళ్లు నెలరోజుల పాటు రోజుకో గంట ఇంట్లో సొంత పిల్లల్నే అద్దం వెనకనుంచి చూసి గళ్లు నింపాలి. పిలిచినా పలకకూడదు. నేను తెర సగం లాగి బాల్కనీలో కూర్చునేదాన్ని. మొదటి వారం "అమ్మా, చూడు! అమ్మా, చూడు!" అని తలుపు బాదింది. నేను టిక్కు పెట్టాను: పెద్దల దృష్టి కోరుతోంది. రెండోవారం తగ్గింది. నెలయ్యేసరికి మానేసింది. పెద్దమేడమ్ నా పేపర్లు అందరికీ చూపించి మెచ్చుకుంది. ఆ మెప్పు నా తలకెక్కింది. నెలతో ఆపాల్సినదాన్ని రెండేళ్లు కూర్చున్నాను.

నీ ఉత్తరం రాగానే కుర్చీ తీసేశాను. ఇప్పటికి పదిరోజులు. అయినా కప్పు పెడుతూనే ఉంది.

"ఆవిడ ఇవాళ కూడా వచ్చింది," అంది.

"కుర్చీ లేదు కదే, ఎక్కడ కూర్చుంది?"

"నించుంది."

నిన్న పాత పేపరొకటి తీసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాను. నన్ను చూడలేదు. ఆరు చెక్కముక్కలు పేర్చింది. పడగొట్టింది. ఏడవలేదు, మళ్లీ పేర్చింది. పక్కన లేని పిల్లకి బొమ్మనిచ్చింది, తిరిగి తీసుకుంది. నా పేపర్లో గళ్లు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుస, ఒక్కటి తప్పలేదు. దానికి చదవడం రాదక్కా! నా పెన్సిలు ఎప్పుడు కదులుతుందో చూసి నేర్చుకుంది. చివరి గడి 'నవ్వు'. అక్కడికి రాగానే తలుపు వైపు తిరిగి నవ్వింది, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టినంతసేపు. తర్వాత మొహం మామూలైపోయింది.

నా కూతురు ఆడుకుంటోందనుకున్నాను. అది ఆడుకోలేదు, నాకు పని చేసిపెట్టింది. నా దగ్గరుంటే పాడైపోతుంది. పై ఆదివారం వచ్చి తీసుకెళ్లు. మీ పిల్లలతో మట్టిలో దొర్లనీ, కొట్టుకోనీ, ఓడిపోయి గుక్కపట్టి ఏడవనీ. నాకు ఆ నవ్వు చూసే ధైర్యం లేదు.

నీ వాగుడుకాయ


శనివారం

అక్కా,

రావద్దు. టికెట్టు తీసుంటే వెనక్కిచ్చెయ్.

నిన్న పొద్దున ముందుగానే దాని సంచీ సర్దుతున్నాను. "ఎక్కడికి?" అని కూడా అడగలేదు. తలుపు కేసి తిరిగి చెక్కముక్కలు పేరుస్తోంది. నాకేమైందో ఏమో, చేతిలో గౌను అక్కడే పడేసి దాని పక్కన నేలమీద చతికిలబడ్డాను.

"నన్ను కూడా ఆటలో చేర్చుకోవే," అన్నాను.

చేతిలో చెక్కముక్క కింద పెట్టి నా మొహంలోకి చూసింది.

"నేను చెప్పినట్టు వింటావా?"

"వింటాను."

"మధ్యలో మానకూడదు."

"మాననే తల్లీ."

"అయితే నువ్వు పాప."

"మరి నువ్వు అమ్మవా?"

"కాదు. చూసే ఆవిడని."

చెక్కముక్కలు నా ముందుకి తోసి, నా పేపరూ పెన్సిలూ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. తలుపు వేసింది. తెర సగం లాగింది. బకెట్టు బోర్లించుకుని దానిమీద నిటారుగా కూర్చుంది.

ఆడాను. మొదట్లో నవ్వొచ్చింది కూడా. ఒక మేడ కట్టి "అమ్మా, చూడు!" అన్నాను. పెన్సిలు కదిలింది, మనిషి కదల్లేదు. "చూడవే అమ్మా!" పెన్సిలు కదిలింది. మూడోసారి పిలవాలంటే భయమేసింది. అవతల ఉన్నది నా కడుపున పుట్టిన పిల్లేనని తెలుసు. అయినా రెప్ప వెయ్యని ఆ కళ్లకి నేను ఎవరినీ కాను. లేచి వెళ్లి తలుపు బాదాను. ఏడ్చాను, ఆటకి కాదు, నిజంగానే.

తలుపు కొంచెం తీసి, పెదాలమీద వేలు పెట్టుకుని మెల్లగా అంది.

"పలికితే ఆట పాడైపోతుందమ్మా."

"ఇంక చాలే, నా తల్లివి కదూ! ఎంతసేపే ఇంకా?"

"నువ్వు కూర్చున్నంతసేపు," అని తలుపు వేసుకుంది.

అంటే ఆ చూసే ఆవిడ నేనేనని దానికి మొదట్నుంచీ తెలుసు.

ఇవాళ ఉద్యోగం మానేస్తున్నానని చెప్పొచ్చాను. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?" అంది పెద్దమేడమ్. "ఆడుకుంటాను," అన్నాను. పిచ్చెక్కిందనుకుని ఉంటుంది. అనుకోనీ. నా పిల్ల తనంతట తను కట్టుకున్న మొదటి ఆట ఇది, ఏ గడిలోనూ లేనిది. దీన్ని మధ్యలో ఎలా ఆపను? రెండేళ్లంటే రెండేళ్లే. పలికేదాకా పిలుస్తాను.

ఇది రాస్తుంటే తలుపవతల పెన్సిలు చప్పుడు ఆగిపోయింది. ఉత్తరం రాయడం ఆటలో లేదు కాబోలు. వెళ్లాలి అక్కా.

ఇట్లు,
పాప