పదమూడో క్లాసు

ఆగస్టు 22, సోమవారం

ఇవాళ కాలేజీ మొదలైంది. యూనివర్సిటీ కాదు, అడిగినవాళ్ళందరికీ సీటిచ్చే రెండేళ్ళ సిటీ కాలేజీ. ఈ మాట కనీసం ఇక్కడైనా రాసుకోవాలి. ఇంకెక్కడా అనే ధైర్యం నాకు లేదు.

జూలైలో యూనివర్సిటీవాళ్ళు నా సీటు రద్దు చేశారు. హైస్కూల్ చివరి టర్ములో కాల్‌క్యులస్ తప్పాను. సీటు ఎలాగూ వచ్చేసింది కదా, ఇంకా చదివేదేముందిలే అని క్లాసులు ఎగ్గొట్టి సరస్సుల చుట్టూ తిరిగాను. మార్కులు చివరిదాకా చూస్తారని తెలుసు. నాకు మాత్రం అలా జరగదనుకున్నాను. అంత పొగరు.

అప్పటికే నాన్న ట్రక్కు వెనకద్దం మీద యూనివర్సిటీ స్టిక్కర్ అంటించేశాడు. ఊళ్ళో పాలకేంద్రం దగ్గర ఆ ట్రక్కుని అందరికీ వీపు కనపడేలా నిలబెడతాడట. నాయనమ్మ చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. పైగా వచ్చే ఏడాది పరిశుద్ధాత్మ పండగకి రాణిగా నన్నే ఎంచారు. దీవుల నుంచి వలస వచ్చిన మా అజోరియన్ల ఊళ్ళో ఆడపిల్లకి అంతకంటే గొప్ప లేదు.

అమ్మకొక్కదానికే చెప్పాను. గిన్నెలు కడుగుతోంది. పంపు కట్టేసి, చాలాసేపు సింకులోకే చూసింది. ఎవరికీ చెప్పకు అంది. యూనివర్సిటీ ఉన్న ఊళ్ళోనే సిటీ కాలేజీ ఉందిగా, అందులో చేరు, రెండేళ్ళకి యూనివర్సిటీలోకి మారిపో, అప్పుడు మనం చెప్పిందే నిజమవుతుంది అంది. మీ నాన్నకి మాత్రం తెలియనివ్వకు, లోపలొకటి పెట్టుకుని బయటికొకటి చెప్పడం ఆయన వల్ల కాదు అంది. ఇంటి లెక్కలన్నీ అమ్మవే. నాన్నకి ఆవులు తప్ప ఏదీ పట్టదు. అలా కుదిరిపోయింది.

నేనుండే ఇల్లు యూనివర్సిటీకి దగ్గరే. నాతో ఉండే ముగ్గురమ్మాయిలూ అక్కడే చదువుతారు. పొద్దున్నే వాళ్ళు సైకిళ్ళెక్కి కుడికి తిరుగుతారు. నేను బస్సు కోసం ఎడమకి తిరుగుతాను.

అక్టోబర్ 2

ఆదివారం. యూనివర్సిటీ గంట గోపురం కింద నిలబడి ఫొటో తీయించుకుని నాన్నకి పంపాను. ఒంటి మీద వాళ్ళ స్వెట్‌షర్టే. ఎవరైనా కొనుక్కోవచ్చు, షాపులో ఐడీ అడగరు.

వెంటనే ఫోన్ చేశాడు. తింటున్నావా, మేష్టార్లు మంచివాళ్ళేనా, సముద్రం గాలికి జలుబు చేస్తుందేమో అన్నాడు. ఫొటో ప్రింటు తీయించి షెడ్డులో పెడతానన్నాడు. పాలు పితికేటప్పుడు కనబడేచోట.

నవంబర్ 17, సాయంత్రం

ఒక సంగతి ఎవరికైనా చెప్పాలనుంది, చెప్పడానికి ఎవరూ లేరు. కాల్‌క్యులస్‌లో A వచ్చింది. మిసెస్ ఓక్స్ పేపరిస్తూ, ఇదివరకు చదివినట్టున్నావే అంది. చదవలేదండీ, తప్పాను అన్నాను. పక్కన ఆర్మీలో చేసి వచ్చిన డర్వుడ్ పకపకా నవ్వి, మా జట్టులోకి స్వాగతం అన్నాడు. ఈ క్లాసులో అందరూ ఏదో ఒకటి తప్పి వచ్చినవాళ్ళే. పిల్లని చంకనేసుకుని వచ్చే ఆవిడ కూడా. ఒకళ్ళ మొహంలోనూ నాకున్న ఏడుపు కనపడదు.

నాకిక్కడ బాగుంది. అది మరీ సిగ్గుగా ఉంది. బాగున్నదాన్ని దాచిపెట్టుకోవడమేమిటో.

డిసెంబర్ 25

ఇంట్లోనే ఉన్నాను. భోజనాల దగ్గర జెర్వాసియో మామయ్య మొదలుపెట్టాడు. అమ్మ తమ్ముడు. తాగినా తాగకపోయినా ఒకటే నోరు. ఇవాళ ఒడీలియా అక్క దొరికింది. మా పెదనాన్న కూతురు, నాకంటే ఏడాది పెద్ద. తెల్లారగట్ల బేకరీలో పని చేసుకుని, మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో చదువుకుంటుంది, అదీ నాదిలాంటి రెండేళ్ళ కాలేజీయే. ఎక్కడికీ వెళ్ళినట్టు నటించదు.

ఏమ్మా, పదమూడో క్లాసు ఎలా ఉంది, ఇంటర్వెల్లో పాలూ బిస్కెట్లూ ఇస్తున్నారా అన్నాడు మామయ్య. పన్నెండో క్లాసయ్యాక ఊళ్ళోనే, ఆ మొహాల మధ్యే చదివేవాళ్ళని ఇక్కడ అలాగే అంటారు. టేబులంతా నవ్వింది. అక్క కూడా నవ్వి, ఇస్తున్నారు మామయ్యా, నీకూ ఒక ప్యాకెట్ పట్టుకురానా అంది. మామయ్య వదిలితేగా. మన ఫీనాని చూడవే, తిన్నగా యూనివర్సిటీకే వెళ్ళి కూర్చుంది, దాని దగ్గర ట్యూషన్ చెప్పించుకో అన్నాడు. నాన్న నా ప్లేటులో ఇంకో ముక్క వేశాడు. అమ్మ ఉన్నట్టుండి బ్రెడ్ తేవడానికి లోపలికి వెళ్ళింది. బ్రెడ్ టేబుల్ మీదే ఉంది.

డిసెంబర్ 26

నేనూ నవ్వాను. నిన్న అది రాయలేదు.

ఏప్రిల్ 28

నాన్న ఫోన్. గొంతులో పండగ. ఒడీలియాకి సీటొచ్చిందట, మూడో సంవత్సరంలోకి, సముద్రం పక్క యూనివర్సిటీలో. నీ యూనివర్సిటీలోనే అన్నాడు. నాయనమ్మ మా ఇద్దరి పేరా రెండు కొవ్వొత్తులు వెలిగించిందట. అక్క చూడ్డానికి వస్తోంది, నువ్వే తిప్పి చూపించు, నీకు ప్రతి మూలా తెలుసుగా అన్నాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండండి, మాకూ నిశ్చింత అన్నాడు.

బాగుంది నాన్నా అన్నాను. అక్కకి సీటొచ్చినందుకు సంతోషం ఎంత వెతికినా నాలో దొరకలేదు.

మే 6

అక్క వచ్చి వెళ్ళింది.

తిప్పి చూపించాను. గోపురం, లైబ్రరీ, సముద్రం వైపు దారి. ఎనిమిది నెలలుగా ఫొటోల కోసం తిరిగిన దాన్ని, గైడులా చెప్పాను. ఏ క్లాసు ఎక్కడ జరుగుతుందో కూడా కల్పించి చెప్పాను. అక్క ప్రతిదానికీ ఆగి, గోడల్ని చేత్తో ముట్టుకుని చూసింది. రెండేళ్ళు బేకరీలో నిలబడి సంపాదించుకున్న గోడలు. నేను పక్కన స్వెట్‌షర్టు వేసుకుని నిలబడ్డాను.

తింటూ, పండగకి ఎప్పుడొస్తున్నావే అని అడిగింది. పరీక్షలు వచ్చే వారంతో అయిపోతాయి, పంతొమ్మిదికల్లా ఇంట్లో ఉంటానన్నాను. అక్క తింటున్నదల్లా ఆగింది. ఓహో అంది. తర్వాత సాస్ అడిగింది.

ఇంటికొచ్చాక, నా గదిలో ఉండే అమ్మాయి పరీక్షలు జూన్ మధ్యలో అని ఎవరితోనో అంటుంటే తెలిసింది నేనేం చేశానో. యూనివర్సిటీలో ఏడాదిని మూడు ముక్కలు చేస్తారు, చివరి ముక్క జూన్‌లోకి సాగుతుంది. మే నెలలో సెలవులిచ్చేది సిటీ కాలేజీ. నేను నా కాలేజీ తేదీలు చెప్పాను. కొత్తగా చేరబోయే పిల్ల క్యాలెండర్ కంఠతా పట్టి ఉండదూ?

మే 27, శనివారం

పండగ హాలు. రాణినీ చెలికత్తెల్నీ ఊరికి పరిచయం చేసే రోజు. నాయనమ్మ ఏడాదంతా కుట్టిన వెల్వెట్ మేలంగీ నా భుజాల మీద కప్పారు. నేలంతా పరుచుకునేంత పొడుగు, అంత బరువు. చెలికత్తెల్లో అక్క ఉంది, మేలంగీ అంచు పట్టుకోవడానికి.

హుక్కులు పెడుతూ చెవి దగ్గర అంది. నాకు తెలుసే అంది. నేనెవరితోనూ అనను, భయపడకు అంది. సీటు పోయినందుకు నాకేం లేదు, సీట్లు పోతుంటాయి, క్రిస్మస్ రోజు నువ్వు నవ్వావు చూడు, అదే మింగుడు పడటం లేదు అంది. తర్వాత, ఊపిరి బిగబట్టు, హుక్కు పడటం లేదు అంది.

ఊపిరి బిగబట్టాను.

మైకు పట్టుకునే సెకుండీను గారు తెర వెనక్కి వచ్చి, మీ అమ్మ చెప్పిందమ్మా, యూనివర్సిటీలో మొదటి సంవత్సరం, అంతేగా అన్నారు. అమ్మ నోట్లో పిన్నులు పెట్టుకుని నన్నే చూస్తోంది. ఇది ఆపాలంటే అదే క్షణం. తలూపాను.

మైకులో చదివారు. చప్పట్లు. తర్వాత అక్క పేరు, మన ఊరి కాలేజీ అని. చప్పట్లు కాస్త పలచబడ్డాయి. ఇప్పుడు రాణిగారి యూనివర్సిటీకే వెళ్తోంది, రాణిగారే దారి చూపిస్తారు అనగానే హాలు మళ్ళీ హోరెత్తింది. నాన్న లేచి నిలబడి కొడుతున్నాడు. ఆయన ఇలాంటిచోట్ల లేచే మనిషి కాదు.

వెనక అక్క మేలంగీ పట్టుకుని నడుస్తోంది. అంచు ఒక్కసారి కూడా నేల తగలనివ్వలేదు.

మే 28, పెంతెకొస్తు

ఊరేగింపు, పూజ. ఫాదర్ నా తల మీద వెండి కిరీటం పెట్టారు. అందరికీ సోపాస్ వడ్డించారు, బ్రెడ్డు మీద గొడ్డు మాంసం పులుసు, పుదీనా. ఎవరొచ్చినా ఉచితమే, అదే ఈ పండగ.

పండగని ఆవులు ఆగవు. నాన్న టై విప్పి జేబులో కుక్కుకుని ట్రక్కు దగ్గరికి వెళ్తుంటే, నేనూ వస్తానన్నాను. ఆ గౌనుతోనా అన్నాడు. ఎక్కాను.

షెడ్డు ముందు ట్రక్కు ఆపాక చెప్పాను. మొత్తం. సీటు, సిటీ కాలేజీ, ఫొటోలు. ఎంత పొందిగ్గా చెప్పాలనుకున్నానో, అంత అడ్డదిడ్డంగా వచ్చింది. నాన్న స్టీరింగ్ మీంచి చేతులు తీయలేదు. మీ అమ్మకి తెలుసా అన్నాడు. తెలుసన్నాను. అయితే నాకొక్కడికే తెలీదన్నమాట అన్నాడు.

తాళం తీసి జేబులో వేసుకుంటూ, నాయనమ్మకి చెప్పకు, పండగ రోజు అన్నాడు. దిగి లోపలికెళ్ళాడు. షెడ్డులో గోడ మీద నా ఫొటో ఉంటుంది. నేను ట్రక్కులోనే కూర్చున్నాను.

జూన్ 4

అక్క ఊరి కాలేజీలో రెండేళ్ళ డిగ్రీ అందుకుందని మా ఇంట్లో భోజనాలు.

అక్క తన కొత్త యూనివర్సిటీ సంగతులు చెప్పడం లేదు. నాకోసమే, నాకు తెలుసు. ఎవరడిగినా మాట మార్చేస్తోంది. మామయ్యే తవ్వాడు. అవునే ఫీనా, బేకరీ ఓనరు కొడుకు కూడా అక్కడేనట, వాడికింకా పరీక్షలే అవలేదట, నువ్వేమో పండగకి ముందునుంచీ ఇక్కడే తిష్ఠ వేశావు, నిన్నేమైనా తరిమేశారా అన్నాడు. ఎప్పటిలాగే నవ్వులాటకి. టేబులంతా నవ్వడానికి సిద్ధంగా ఉంది.

నేను నోరు తెరిచేలోపు నాన్న మాట్లాడాడు.

పండగుందని మేష్టార్లకి చెప్పుకుంది, దాని పరీక్షలు ముందే పెట్టేశారు అన్నాడు. ప్లేటులోకి చూస్తూ అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. అన్నిట్లో మంచి మార్కులే, వాళ్ళు ఉత్తరం కూడా రాశారు అన్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి. అబద్ధం ఎక్కడ ఆపాలో కూడా తెలియలేదు పాపం.

అందరూ నమ్మేశారు. ఎందుకు నమ్మరు? మా నాన్న అల్మీరో అబద్ధం చెప్పడని ఊళ్ళో పసిపిల్లనడిగినా చెబుతుంది. మామయ్య కూడా నోరు మూసుకుని, అలాగా బావా, మంచిదే అన్నాడు.

ఇన్నాళ్ళూ నాన్న ఊరందరికీ చెప్పుకున్నది అబద్ధం కాదు, ఆయనకి తెలీదు కనుక. ఇవాళ చెప్పింది అబద్ధం. ఆయన్ని ఆ స్థితికి తెచ్చింది నేను. నిజం చెప్పి బరువు దించుకున్నాననుకున్నాను. ఎత్తి ఆయన నెత్తిన పెట్టాను.

నాది పదమూడో క్లాసు మామయ్యా అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ అన్నాను. నాకు సీటు పోయింది, నేను చదివేది సిటీ కాలేజీ, క్రిస్మస్‌కి కూడా అక్కడే చదువుతున్నాను, అప్పుడు నేను నవ్వింది నన్ను చూసే, అక్కని చూసి కాదు, కానీ అక్క మీద వేసి నవ్వాను అన్నాను. నాన్న నాకోసం అబద్ధమాడాడు, దాన్ని వెనక్కి తీసుకోండి అన్నాను. అబద్ధాన్ని ఎలా వెనక్కి తీసుకుంటారో నాకూ తెలీదు.

అమ్మ మొహం చూడలేకపోయాను. నాన్న కుర్చీ వెనక్కి జరిపి, ఆవుల దగ్గరికి అని వెళ్ళిపోయాడు. పాలు పితికే వేళ కాదు. నాయనమ్మ మాత్రం, పులుసు చల్లారుతోంది తినండి, అంది. తర్వాత నావైపు తిరిగి, రెండు కొవ్వొత్తులూ ఒడీలియాకే వెలిగించానని ఇప్పుడు అనుకుంటాలే అంది.

అక్క లేచి బ్రెడ్డు నా పక్కకి జరిపింది. క్షమించిందని అనుకోను.

జూలై 9

నాన్న ట్రక్కు అద్దం మీద స్టిక్కర్ బ్లేడుతో గీకుతున్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను. నేను గీకుతానని వెళ్ళి అడగలేకపోయాను. అద్దం మీద చదరంగా మచ్చ మిగిలింది.

ఆగస్టు 21

సిటీ కాలేజీ తెరిచారు. సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. ఆవుల గురించి చెప్పాడు, ఎండ గురించి చెప్పాడు. పాలకేంద్రంలో ఎవరో అడిగారట, మీ అమ్మాయి ఇప్పుడు ఏం చదువుతోందని. తప్పు చెప్పకూడదు కదా అన్నాడు. ఇప్పుడెన్నో క్లాసు అన్నాడు.

పద్నాలుగు అన్నాను.

సరే అని పెట్టేశాడు.